ఇంటిపేరు గోతిక్, గోత్రం మెటల్

కార్తీక మాసంలో నల్లచొక్కా వేసుకుని తిరిగితే బెంగళూరులో గౌరవం పెరుగుతుంది. మారతహళ్ళిలో మా ఇంటి యజమానురాలు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువారు. ఒక ఉదయం నీళ్ళ మోటారు దగ్గర నన్ను ఆపి, "మాల ఎప్పుడు వేసుకున్నారు స్వామీ?" అని అడిగారు. చొక్కా మీద ఉన్నది పారడైజ్ లాస్ట్ అనే ఇంగ్లండు రాక్ బృందం పేరని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "ఇంకా లేదండీ" అని తప్పుకున్నాను.

అదే చొక్కా మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీనులో ఇంకో తగవు తెచ్చిపెట్టింది. మా బృందంలో కొత్తగా చేరిన చీరాల అమ్మాయి చూసి, "మీరు గోత్ వింటారా అండీ?" అంది. పక్కనే ఉన్న అనంతపురం మిత్రుడు నన్ను నోరు తెరవనివ్వలేదు. "అది గోత్ కాదమ్మా, మెటల్" అన్నాడు. "వీపు మీద గోతిక్ అని అంత పెద్ద అక్షరాలతో ఉంటేనూ?" అని ఆమె. కాఫీలు చల్లారిపోయాయి. గోత్, మెటల్ రెండూ రాక్ సంగీతంలో శాఖలే, రెండిటికీ నలుపే ఇష్టం. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నది ఒకే విషయం గురించి కాదని నాకు తర్వాత తట్టింది. ఆమె చదివింది ఇంటిపేరు. అతను అడిగింది గోత్రం. ఈ రెండూ విడిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

గోతిక్ అన్న మాటే మొదట ఒక తిట్టు. క్రీ.శ. 410లో రోము నగరాన్ని దోచుకున్న తెగలవారు గోత్‌లు. తరవాత వెయ్యేళ్ళకు ఇటలీ పండితులు, తమకు నచ్చని మధ్యయుగపు చర్చి కట్టడాలను అనాగరికమని ఎత్తిపొడవడానికి ఆ తెగ పేరు తగిలించారు. కొస తేలిన కమానులు, ఆకాశంలోకి గుచ్చుకునే శిఖరాలు ఉన్న ఆ శైలిని మనవాళ్ళు శివాజీనగర్‌లో సెయింట్ మేరీ బసిలికా ముందు నిలబడి చూడవచ్చు. 1764లో హొరేస్ వాల్‌పోల్ పాత కోటలో జరిగే ఒక భయానక నవల రాశాడు. మరుసటి ఏడు రెండో ముద్రణకు గోతిక్ కథ అనే ఉపశీర్షిక పెట్టాడు. అక్కడినుంచి ఆ మాట భవనాలను వదిలి దెయ్యాలను, విషాదాన్ని, చీకటిని పట్టుకుంది. సంగీతానికి అంటుకోవడం చాలా ఆలస్యం. 1967లో ది డోర్స్ బృందం గురించి ఒక అమెరికన్ విమర్శకుడు గోతిక్ రాక్ అన్నాడు కానీ అది అప్పటికి విశేషణమే, శాఖ పేరు కాదు.

శాఖ ఏర్పడింది పంక్ అనే కోపిష్టి రాక్ చల్లారిన తర్వాత. 1976, 77లలో ఇంగ్లండులో పంక్ కుర్రవాళ్ళు మూడు స్వరగుచ్ఛాలతో కేకలు పెట్టారు. ఆ కోపం దిగాక మిగిలిన దిగులు నుంచి సూక్సీ అండ్ ది బ్యాన్‌షీస్, జాయ్ డివిజన్, ది క్యూర్ వంటి బృందాలు వచ్చాయి. 1979లో నార్తాంప్టన్‌కు చెందిన బౌహౌస్ 'బేలా లుగోసీస్ డెడ్' అనే తొమ్మిది నిమిషాల పాట విడుదల చేసింది. పాత డ్రాక్యులా సినిమా నటుడి మరణం గురించిన ఆ పాటను చాలామంది గోత్‌కు మొదటి రాయి అంటారు. 1982 జులైలో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరుచుకుంది. నల్లబట్టలు, తెల్లటి ముఖాలు, చెదరగొట్టిన జుట్టు, మగవాళ్ళకు కూడా కాటుక: ఆ వేషం అక్కడ ఖాయమైంది. ఇక్కడ క్లబ్బు అన్న మాటను గుర్తు పెట్టుకోవాలి. గోత్ పుట్టుకతోనే డ్యాన్సు సంగీతం. ఒంటరిగా, కళ్ళు దించుకుని, చేతులతో గాలిలో సాలెపురుగు గూడు అల్లుతున్నట్టు ఆడతారు కానీ, ఆడతారు.

మెటల్ పుట్టింది పదేళ్ళ ముందు, బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల పొగలో. రేకులు కోసే కర్మాగారంలో పని చేస్తున్న టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడికి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం కనుక గిటారు తీగలు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా మూత కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాత కొన్నాళ్ళకు శ్రుతి దించి వదులు చేసుకున్నాడు. అతని గిటారు బరువైన మోతే 1970 ఫిబ్రవరి 13న విడుదలైన బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ దగ్గర మొదలై ఒక వంశం అయింది. కనుక ఒకరి తాత పంక్, మరొకరి తాత బ్లూస్ కలిసిన హార్డ్ రాక్. ఇద్దరి ఇళ్ళలోనూ చీకటే, కానీ కరెంటు పోయిన కారణాలు వేరు.

రెండు ఇళ్ళూ వియ్యమందిన చోటు ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతం. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే గోత్ బృందం 1980లో లీడ్స్‌లో పుట్టింది. డ్రమ్మర్‌కు బదులు డాక్టర్ అవలాంచ్ అని ముద్దుపేరు పెట్టుకున్న డ్రమ్ మెషిన్, దాని మీద ఆండ్రూ ఎల్డ్రిచ్ పాతాళంలోంచి వచ్చే గొంతు. (గోత్ పెద్దల్లో పెద్దగా అందరూ దండం పెట్టే ఎల్డ్రిచ్, తనను గోత్ అంటే ఒప్పుకోడు. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి తాతయ్య ఒకరు ఉంటారు.) పారడైజ్ లాస్ట్ 1988లో హాలిఫాక్స్‌లో పుట్టింది. మై డయింగ్ బ్రైడ్ 1990లో బ్రాడ్‌ఫర్డ్‌లో. ఈ బృందాల రికార్డులు వేసిన పీస్‌విల్ కంపెనీది డ్యూస్‌బరీ. లీడ్స్ నుంచి హాలిఫాక్స్ అంటే రమారమి మారతహళ్ళి నుంచి కెంగేరి వెళ్ళినంత. అక్కడ డెత్ మెటల్ (గుర్రుమనే గొంతుతో పాడే మెటల్) వాయించే కుర్రవాళ్ళు పెరిగిన ఊళ్ళలో సిస్టర్స్ పాటలు గాలిలోనే ఉండేవి.

1991లో పారడైజ్ లాస్ట్ తమ రెండో ఆల్బమ్‌కు 'గోతిక్' అని పేరు పెట్టింది. ఈ తగవంతటికీ మూలం ఆ ఒక్క మాటే అని నా అభిప్రాయం. వాళ్ళు చేసింది ఏమిటంటే, నెమ్మదైన డెత్ మెటల్‌లో, నిక్ హోమ్స్ గుర్రుమనే గొంతు వెనకాల ఒక స్త్రీ గొంతును, వాద్యబృందపు ఛాయలను నిలబెట్టారు. సిస్టర్స్ నుంచి, డెడ్ కెన్ డాన్స్ అనే బృందం నుంచి నేర్చుకున్నామని వాళ్ళే చెప్పుకున్నారు. స్విట్జర్లాండ్ బృందం సెల్టిక్ ఫ్రాస్ట్ అంతకు ముందే, 1980లలో, మెటల్‌లోకి స్త్రీ గొంతును తెచ్చింది కనుక పునాది కొత్తది కాదు. కొత్తది పేరు. ఎముకలు మెటల్‌వి, కప్పుకున్న శాలువా గోత్‌ది. ఇల్లరికం వచ్చిన అల్లుడి పిల్లలను ఊరివాళ్ళు అమ్మమ్మ ఇంటిపేరుతో పిలుస్తారు చూడండి, పురోహితుడు సంకల్పంలో మాత్రం నాన్న గోత్రమే చెబుతాడు. అలాంటిదే ఇది.

అయితే గోత్ పెద్దలు మెటల్‌వాళ్ళే తమ దొడ్లోకి చొరబడ్డారని అంటే నేను ఒప్పుకోను. గోడ మొదట దూకింది గోత్ వైపువాళ్ళే. బ్రాడ్‌ఫర్డ్‌లో సదరన్ డెత్ కల్ట్‌గా మొదలైన బృందం ది కల్ట్‌గా పేరు కుదించుకుని, 1987లో 'ఎలక్ట్రిక్' ఆల్బమ్‌తో అచ్చమైన హార్డ్ రాక్‌లోకి వెళ్ళిపోయింది. సిస్టర్స్ కూడా 1990 నాటి 'విజన్ థింగ్'లో గిటార్లను ఎంత పెద్దవి చేశారో వింటే, హాలిఫాక్స్ కుర్రవాళ్ళను తప్పుపట్టడానికి నోరు రాదు.

అమెరికాలో ఈ కథ వెటకారంగా నడిచింది. న్యూయార్క్ బ్రూక్లిన్‌కు చెందిన టైప్ ఓ నెగటివ్ 1993లో 'బ్లడీ కిసెస్' ఆల్బమ్ వేసింది. అందులో పేరు తెచ్చుకున్న పాట జుట్టుకు నల్లరంగు వేసుకునే గోత్ అమ్మాయి మీద ఎగతాళి. ఎగతాళి చేసినవాళ్ళనే లోకం గోత్‌లని పిలిచింది. యూరప్‌లో నార్వే బృందం థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995 నాటికి మృదువైన స్త్రీ గొంతు, గుర్రుమనే మగ గొంతు జంటగా పాడే పద్ధతిని స్థిరపరచింది. 2003లో ఎవనెసెన్స్ బృందం వారి 'ఫాలెన్' ఆల్బమ్ వచ్చేసరికి, ప్రపంచంలో సగం మందికి గోత్ అంటే నల్లగౌను వేసుకుని గిటార్ల హోరు మీద పాడే అమ్మాయి. బౌహౌస్ అనే పేరే వినని తరం అది.

ఆ తరంలో మనమూ ఉన్నాం. అందుకే ఈ తగవు బెంగళూరులో తలకిందులుగా నడుస్తుంది. అక్కడ ముందు గోత్, తరవాత గోతిక్ మెటల్. ఇక్కడ ముందు మనవరాలు వచ్చింది, తాతలు చాలా ఆలస్యంగా వచ్చారు. 1990లలో ఈ నగరపు రాక్ కాలేజీ ఉత్సవాల మీద బతికింది. లా స్కూలు వారి స్ట్రాబెరీ ఫీల్డ్స్, స్వాతంత్ర్య దినోత్సవం చుట్టూ జరిగే ఫ్రీడమ్ జామ్, కుర్రవాళ్ళు చేతులు మార్చుకునే క్యాసెట్లు. డైయింగ్ ఎంబ్రేస్ వంటి స్థానిక బృందం అప్పుడే డూమ్ (నెమ్మదిగా, బరువుగా నడిచే మెటల్), డెత్ మెటల్ వాయించింది. దిగులు ఇక్కడికి డూమ్ దారిలో వచ్చింది, గోత్ దారిలో కాదు. 2007 మార్చిలో ఇంగ్లండు మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. మరుసటి ఏడు మెగాడెత్, 2011 అక్టోబరు 30న, గుర్గావ్‌లో కచేరీ రద్దయిన రెండు రోజులకు, మెటాలికా. 2012 నుంచి బెంగళూరు ఓపెన్ ఎయిర్ అనే మెటల్ ఉత్సవం. హైదరాబాదు నుంచి, తిరుపతి నుంచి రాత్రి బస్సులెక్కి వచ్చిన తెలుగు కుర్రవాళ్ళతో ఆ మైదానాలు నిండేవి. నేనూ అలా వచ్చినవాడినే. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మా ముందు వరుసలో గుంటూరు యాస వినబడగానే, గొంతు చించుకుని ఇంగ్లీషు పాట పాడుతున్న నేను ఒక్క క్షణం సిగ్గుపడి ఆగాను.

గోత్‌కు మైదానం పనికిరాదు. దానికి చీకటి గది, డ్యాన్సుకు చోటు, తెల్లవారే దాకా రికార్డులు మార్చే మనిషి కావాలి. ఈ ఊళ్ళో బార్లు రాత్రి 11:30కు షట్టరు దించిన రోజులున్నాయి. 2008 ప్రాంతంలో పోలీసులు లైసెన్సు నిబంధనలు బిగించి బార్లలో డ్యాన్సును, లైవ్ సంగీతాన్ని అడ్డుకున్నారు. కాలేజీ వేదిక మీద మెటల్ బృందం నిలబడగలిగింది. నల్లబట్టల్లో మెల్లగా ఊగడానికి మాత్రం ఊళ్ళో చోటు దొరకలేదు. గోత్ ఇక్కడ వేళ్ళూనకపోవడానికి అభిరుచి లోపం కంటే ఆ షట్టరే పెద్ద కారణమని నా అనుమానం.

ఇంతకీ చెవితో తేడా పట్టడం ఎలా? మల్లేశ్వరంలో సంగీతం చెప్పే మా పిన్నిగారు దర్బారు, నాయకి రాగాల గురించి చెప్పిన మాట నాకు ఇక్కడ ఉపయోగపడింది. రెండూ ఖరహరప్రియ జన్యాలే, స్వరాలూ అవే. కాగితం మీద చూసినవాడికి తేడా తెలియదు. గాంధారం దగ్గర ఎలా ఆగుతాం, ఎంత తొందరగా కదులుతాం, ఎక్కడ ఊపుతాం అన్నదే దర్బారును దర్బారుగా, నాయకిని నాయకిగా నిలబెడుతుంది. గోత్, మెటల్ తగవులో చాలామంది స్వరాలు లెక్కపెడుతున్నారు: నలుపు ఉందా, చావు ఉందా, చర్చి గంట ఉందా. చూడవలసింది నడక. గోత్‌లో పాటను మోసేది బేస్, అంటే మంద్రంగా మోగే గిటారు. మామూలు గిటారు దాని పక్కన పొగలా తిరుగుతుంది. మెటల్‌లో పాటను మోసేది గిటారు రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస), బేస్ దాని నీడ.

ఇది ఊరికే చెవుల గొడవ అని కొట్టిపారేసేవారికి ఒక మాట. 2007 ఆగస్టులో ఇంగ్లండులోని బేకప్ పట్టణంలో సోఫీ లాంకాస్టర్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయిని, గోత్ వేషంలో ఉందన్న కారణంగా కొందరు కుర్రవాళ్ళు కొట్టి చంపారు. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడులను విద్వేష నేరాలుగా నమోదు చేయాలని నిర్ణయించినప్పుడు గోత్‌లను, పంక్‌లను, మెటల్ అభిమానులను ఒకే కోవలో రాశారు. కొట్టేవాడికి గోత్రం అక్కరలేదు.

క్యాంటీను తగవు ఆ సాయంత్రం ఆఫీసు బస్సులో తేలింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఇబ్లూరు దగ్గర బస్సు ఆగిపోయింది. చీరాల అమ్మాయి తన హెడ్‌ఫోన్ అనంతపురం మిత్రుడికి ఇచ్చి బౌహౌస్ పాట పెట్టింది. డ్రమ్ము అంచు మీద చిన్న దెబ్బ, దాని ప్రతిధ్వని, దాని మీద మెట్లు దిగుతున్నట్టు బేస్. రెండు నిమిషాలు గడిచాయి. "గొంతు రాదేమిటి?" అన్నాడు. "వస్తుంది, ఆగండి" అంది. మూడో నిమిషం దగ్గర పడుతుండగా బౌహౌస్ గాయకుడు పీటర్ మర్ఫీ గొంతు వచ్చింది. మిత్రుడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, "గిటారు ఎక్కడ?" అన్నాడు. "ఆ గీరుతున్న చప్పుడే గిటారు." అతని కాలు మాత్రం బేస్‌తోపాటు ఆడుతూనే ఉంది. తొమ్మిది నిమిషాల పాట అయిపోయింది, బస్సు అదే సిగ్నలు దగ్గర ఉంది. హెడ్‌ఫోన్ తీసి తిరిగి ఇస్తూ, "బాగుంది. కానీ ఇది మెటల్ కాదు" అన్నాడు.

"నేను ఎప్పుడన్నాను?" అంది ఆమె.