ఈస్ట్ తయారుచేసే చక్కెర ఆల్కహాల్: చిక్కంతా శుద్ధి దగ్గరే

చక్కెర పులిసి ఆల్కహాల్‌గా మారేటప్పుడు కొంత గ్లిజరాల్ (‘చక్కెర ఆల్కహాల్’ అనే తియ్యటి పదార్థాల్లో ఒకటి) కూడా పుడుతుందని పాశ్చర్ 1858లోనే చూపాడు. దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించింది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం. శత్రుదేశాల దిగ్బంధంతో జర్మనీకి గ్లిజరాల్ ఇచ్చే కొవ్వులు కరువయ్యాయి, పేలుడు పదార్థాలకేమో గ్లిజరాల్ కావాలి. పులిసే ద్రావణంలో సల్ఫైట్ అనే గంధకపు లవణం కలిపితే అది ఆల్కహాల్‌గా మారబోయే ఎసిటాల్డిహైడ్‌ను పట్టేస్తుంది. ఆల్కహాల్ దారి మూసుకుపోయి ఈస్ట్ గ్లిజరాల్ వైపు మళ్లుతుంది.

అయితే ఆ సల్ఫైటే తర్వాత శుద్ధికి అడ్డుపడింది. గ్లిజరాల్ సుమారు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఆ వేడికి కొంత విరిగిపోతుంది కూడా. అందుకని తక్కువ వేడికే మరిగేలా వాక్యూమ్‌లో స్వేదనం చేయాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ లవణాలు పేరుకుని, చిక్కటి మడ్డిలో గ్లిజరాల్ ఇరుక్కుపోతుంది. యుద్ధం ముగిశాక సబ్బు తయారీలో మిగిలే గ్లిజరాల్‌తో, ఆపై పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్ నుంచి చేసిన దానితో ఈ పద్ధతి పోటీపడలేకపోయింది.

చక్కెరకు బదులు వాడే ఎరిత్రిటాల్ అనే మరో చక్కెర ఆల్కహాల్ కథ వేరు, ఎందుకంటే అది తేలిగ్గా స్ఫటికమవుతుంది. 1990లో జపాన్‌లో మార్కెట్‌కొచ్చింది. మోనిలియెల్లా లాంటి ఈస్ట్‌తో గ్లూకోజ్‌ను పులియబెట్టి, వేడితో కణాలను చంపి వడకడతారు. యాక్టివేటెడ్ కార్బన్ రంగు తీస్తుంది, రెజిన్లు (విద్యుదావేశం ఉన్న అయాన్లను పట్టే సన్నటి పూసలు) లవణాలు లాగుతాయి. ముందు ధనావేశ అయాన్లను పట్టే కాటయాన్ రెజిన్, తర్వాతే రుణావేశ అయాన్లను పట్టే ఆనయాన్ రెజిన్. వరస తిరగబడితే కాల్షియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లుగా గడ్డకట్టి రెజిన్ పొరను మూసేస్తాయి.

అసలు ప్రమాదం రెజిన్‌కు చిక్కని వాటితోనే. గ్లిజరాల్, రిబిటాల్ అనే మరో చక్కెర ఆల్కహాల్, మిగిలిపోయిన గ్లూకోజ్ విద్యుదావేశం లేనివి, నేరుగా దాటిపోతాయి. అందుకే గ్లూకోజ్ పూర్తిగా అయిపోయేదాకా పులియనివ్వడం శుద్ధిలో మొదటి మెట్టనే అనాలి. మిగిలినవాటిని స్ఫటికీకరణే వదిలించాలి. పాకాన్ని తొందరపడి చల్లారిస్తే సన్నటి రవ్వ కడుతుంది, రవ్వల మధ్య మదర్ లిక్కర్ (స్ఫటికాలు కట్టాక మిగిలే ద్రావణం) నిలిచిపోతుంది. మెల్లగా చల్లార్చి, సెంట్రిఫ్యూజ్‌లో చల్లటి నీళ్లతో కొద్దిగా కడగాలి. ఎక్కువైతే సరుకే కరిగిపోతుంది. మదర్ లిక్కర్‌ను పదేపదే వెనక్కి పంపితే గ్లిజరాల్ పేరుకుని పాకం జిగురెక్కుతుంది. కొంత బయటికి తీసేయక తప్పదు. ఆహారానికి వాడేదానిలో ఎరిత్రిటాల్ 99 శాతానికి తగ్గకూడదు. రిబిటాల్, గ్లిజరాల్ కలిపి 0.1 శాతం దాటకూడదు.

జైలిటాల్ అనే ఇంకో చక్కెర ఆల్కహాల్ ఇంకా మొండిది. నీళ్లలో ఎరిత్రిటాల్ కంటే చాలా ఎక్కువ కరుగుతుంది కాబట్టి పాకాన్ని బాగా చిక్కబరచాలి. కర్ర, పొట్టు లాంటి ముడిసరుకు నుంచి వచ్చే అరబినోస్ అనే చక్కెర, రంగు పదార్థాలు ఆ పాకంలోనే చిక్కబడి స్ఫటికాలను కట్టనివ్వవు. కాండిడా జాతి ఈస్ట్‌లు ఆ ముడిసరుకు నుంచి వచ్చే జైలోస్ అనే చక్కెరను జైలిటాల్‌గా చక్కగానే మారుస్తాయి. అయినా ఫ్యాక్టరీల్లో ఎక్కువగా నడుస్తున్నది శుద్ధిచేసిన జైలోస్‌కు నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ చేర్చే పద్ధతే.