పాత గోదారి బ్రిడ్జి కాళ్లు

రాజమండ్రి దగ్గర రైలు గోదారి మీదికి రాగానే పెట్టెలో కబుర్లు ఆగిపోతాయి. జేబులు తడుముకునేవాళ్లు కొందరు, పిల్లల చేతిలో రూపాయి పెట్టి "దణ్ణం పెట్టుకుని వెయ్యి" అనేవాళ్లు కొందరు. కింద తాడుకి అయస్కాంతం కట్టి ఆ చిల్లర ఏరేవాళ్లూ ఉంటారు. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయైతే ఆ గాలానికి పడుతుంది, అంతకుముందరి రాగి-నికెల్ రూపాయి పడదు. ఈ సందడిలో, ఇప్పుడు రైళ్లు వెళ్లే ఆర్చ్ బ్రిడ్జి పక్కనే ఖాళీగా నిలబడ్డ హేవలాక్ బ్రిడ్జిని పట్టించుకునేవాళ్లు తక్కువ.

అది రాకముందు కొవ్వూరులో రైలు దిగి, పడవలో ఏరు దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాలి. 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. ఇంజినీరు వాల్టన్. కాశీలో గంగ మీద బ్రిడ్జి కట్టిన అనుభవం ఆయనకి అప్పటికే ఉంది. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరే దీనికి పెట్టారు.

56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఒక్కోటి 45.7 మీటర్లు. పైన కనిపించే ఇనుము సంగతి సరే, అసలు కష్టమంతా ఇసుకలో ఉంది. మన పెరట్లో నుయ్యి తవ్వేటప్పుడు ఒర దింపుతారు చూడండి, లోపలి మట్టి తోడేకొద్దీ ఒర తన బరువుతోనే కిందికి జారుతుంది. ఏటిలో స్తంభాల పునాదీ ఆ పద్ధతే. అడుగున పదునైన ఇనుప అంచు, దాని మీద కట్టడం. లోపలి ఇసుక తోడుతూ, పైన కట్టుకుంటూ పోతారు. ఒక పక్క ఎక్కువ తోడితే ఒర ఒరిగిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడమంటే మామూలు టెన్షన్ కాదు.

అంత లోతు ఎందుకంటే, వరదలో నీళ్లు స్తంభానికి కొట్టుకుని కిందికి మళ్లి, దాని మొదలు దగ్గర సుడి తిరుగుతూ ఇసుకని తోడేస్తాయి. వరద తగ్గేసరికి ఆ గొయ్యి మళ్లీ పూడిపోతుంది. వేసవిలో వెళ్లి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకని పునాది ఆ గొయ్యి కంటే బాగా కిందికి దిగాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. ఈ బ్రిడ్జి దానికి కొంచెం ఎగువనే ఉంది. అయినా నిలబడింది.

ఇక పైన ఎండ. చలికాలం తెల్లవారుజాముకీ రోహిణి కార్తె మధ్యాహ్నానికీ ఇనుము వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే, స్తంభాల మీద పరిచిన ఒక్కో గర్డరు (ఇనుప దూలం) సుమారు 22 మిల్లీమీటర్లు సాగుతుంది. బొటనవేలి వెడల్పే కదా అనిపిస్తుంది గానీ, 56 గర్డర్లనీ ఒకే కడ్డీగా బిగిస్తే అది మీటరు దాటుతుంది! అందుకే ఇలాంటి గర్డర్లకి ఒక కొస బిగించి, రెండో కొసకి కదిలే వీలు ఉంచుతారు.

1997లో దీని మీద రైళ్లు ఆపేశారు. ఇప్పుడు పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే, ఆర్చ్ బ్రిడ్జి మీద రైలు వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది. పాత స్తంభాలు మాత్రం సగమే కనిపిస్తాయి.