నట్టు బిగిస్తే కొలత ఎందుకు జరుగుతుంది?

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ మేనల్లుడు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడట. ఇద్దరూ కూర్చుని చూసిన ఒక వీడియోలో, అమెరికాలో ఒకాయన కాల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని మళ్ళీ వాడుకోవడానికి ప్రెస్సులో పెట్టి సైజు చేస్తున్నాడు. గుల్లను నొక్కి సరైన కొలతకి తెచ్చే ఉక్కు అచ్చుని డై అంటారు, అది ప్రెస్సు నెత్తిన స్క్రూలా తిరుగుతూ దిగుతుంది. దాన్ని కావాల్సినంత కిందికి తిప్పాడు. ఇక డైని కదలకుండా పట్టే లాక్ రింగు బిగించెయ్యొచ్చు కదా, బిగించలేదు. ఒక గుల్లను డైలోకి తోసి, హ్యాండిల్‌ని ఒక చేత్తో అలాగే అదిమి పట్టుకుని, రెండో చేత్తో రింగు బిగించాడు. "అన్నా, ముందే బిగించుకుంటే ఏం పోయింది? ఇదేమన్నా సెంటిమెంటా?" అని అడిగాడా పాఠకుడు.

సెంటిమెంటు లేదు, శుద్ధ మెకానిక్స్. తుపాకీ మందు సంగతి, తూటా సంగతి నేను రాయను. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, పైగా నాకు ఆ డై చుట్టూ ఉన్న మర (స్క్రూ చుట్లు) మీదే మోజు.

ఆ ప్రెస్సుల్లో ఎక్కువ భాగం ఒకే మర వాడతాయి: 7/8 అంగుళం లావు, అంగుళానికి 14 చుట్లు. అంటే డైని ఒక్క చుట్టు తిప్పితే 1/14 అంగుళం, అంటే 1.81 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఇప్పుడు డై నెత్తిన ఒక గడియారం ముఖం ఉందనుకోండి. ముల్లు గంటంతా తిరిగితే 1.81, కాబట్టి ఒక్క నిమిషం జరిగితే 0.03 మిల్లీమీటరు. ఈ గడియారాన్ని మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువు. పేలినప్పుడు ఉబ్బిన గుల్ల భుజాన్ని (మెడ దగ్గర సన్నబడే వాలుని) షూటర్లు సాధారణంగా వెనక్కి నెట్టాలనుకునేది అంగుళంలో వెయ్యింట రెండు వంతులు, అంటే 0.05 మిల్లీమీటరు. మన గడియారంలో రెండు నిమిషాలు కూడా నిండవు. మరోపక్క డైతో వచ్చే కాగితంలో చాలాసార్లు ఏముంటుందంటే, డై అంచు కింద గుల్లను పట్టుకుని ఉన్న షెల్ హోల్డర్‌కి తగిలేదాకా తిప్పు, ఆ తర్వాత ఇంకో అరపావు నుంచి పావు చుట్టు తిప్పు అని. అంటే ఏడున్నర నుంచి పదిహేను నిమిషాలు, 0.23 నుంచి 0.45 మిల్లీమీటరు! ఉక్కుకి ఉక్కు తగిలాక ఇంకా అంత దూరం ఎక్కడికి పోతుంది? ఉక్కులోకైతే దూరదు. ప్రెస్సు ఫ్రేము బలానికి కాస్త సాగుతుంది, పిన్నుల దగ్గర, మరల దగ్గర ఉన్న సందులు మూసుకుంటాయి. ఆ అదనపు తిప్పుడు వీటన్నిటినీ మింగెయ్యడానికే.

ఆ సందుల్లో మర దగ్గరున్న సందే మన కథానాయకుడు. మెకానిక్కులు దీన్ని 'ప్లే' అంటారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో స్క్రూ గేజ్ పట్టుకున్న ప్రతివాడూ రికార్డు బుక్కులో 'బ్యాక్‌లాష్ ఎర్రర్ రాకుండా ఒకే దిక్కున తిప్పవలెను' అని రాసే ఉంటాడు, ఎందుకో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. వైవాలో అడిగితే అదే వాక్యం మళ్ళీ అప్పజెబుతారు, మార్కులూ పడతాయి. అసలు సంగతి ఇంతే. మర తిరగాలంటే బయటి మరకీ లోపలి మరకీ మధ్య కాస్త ఖాళీ ఉండి తీరాలి, ఆ ఖాళీ ఉన్నంత మేరా డై పైకీ కిందికీ ఊగుతుంది. ఈ మర పళ్ళ కోణం 60 డిగ్రీలు, సగం 30. కాబట్టి వ్యాసంలో ఖాళీ 0.1 మిల్లీమీటరు అనుకుంటే, నిలువునా ఆడే ఆట దాన్ని టాన్ 30తో గుణిస్తే వస్తుంది: 0.058 మిల్లీమీటరు. గడియారంలో దాదాపు రెండు నిమిషాలు. మనకు కావలసిన సవరణ కూడా దాదాపు ఆ రెండు నిమిషాలే కదా! కొలవాల్సినదీ లూజూ ఒకే సైజులో ఉన్నాయి, మేనల్లుడి వీడియోలో ఆయన జాగ్రత్తంతా దీనికే.

మామూలుగా డై తన బరువుతో ప్రెస్సు మర మీద కిందికి ఆనుకుని ఉంటుంది. రింగు బిగించగానే అది ప్రెస్సు నెత్తిని ఆనుకుని డైని పైకి లాగుతుంది, ఆ ప్లే అంతా పైకి పోతుంది. అంతేకాక రింగుతో పాటు డై కూడా ఒకటి రెండు నిమిషాలు తిరిగిపోవచ్చు. గుల్ల లోపల ఉండి, హ్యాండిల్ అదిమితే పైకి లేచే ర్యామ్ కింది నుంచి అదుముతున్నప్పుడు డై ముందే పైకి ఆనుకుని ఉంటుంది, మర పళ్ళ మధ్య ఒత్తిడి దాన్ని తిరగనివ్వదు, గుల్ల ఉన్న చోటికి డై కూడా సర్దుకుంటుంది. పనిచేసేటప్పుడు ఏ భంగిమలో ఉంటుందో ఆ భంగిమలోనే తాళం పడుతుంది. స్క్రూ గేజ్‌లో ఒకే దిక్కున తిప్పడం చేసే పనిని ఇక్కడ ర్యామ్ బరువు చేస్తోంది.

ఇదే వ్యవహారం తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఏ బైకు మెకానిక్కు దగ్గరైనా చూడొచ్చు. టాపెట్, అంటే ఇంజన్ వాల్వు దగ్గరి సందు, సెట్ చేసేటప్పుడు అందులో ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకు పెట్టి, స్క్రూని స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకుని, లాక్‌నట్ బిగిస్తాడు, గేజ్ మళ్ళీ లాగి చూస్తాడు. నట్టు స్క్రూని పైకి లాగేసరికి సందు కాస్త పెరిగి ఉంటుంది. అనుభవమున్నవాడు ముందే గేజ్ కొంచెం టైటుగా ఉంచి బిగిస్తాడు. చూసేవాళ్ళు 'ఆయన హస్తవాసి మంచిది' అంటారు. ఆయుధపూజకి పానాలకు పసుపూ కుంకుమా పెట్టడం నాకూ ఇష్టమే గానీ, హస్తవాసి అంటున్న దానిలో సగం ఈ ప్లే లెక్కే.

అసలు లాక్ ఎందుకు అనే ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ మర వాలు 1.6 డిగ్రీలు. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే 8.5 డిగ్రీల వాలు దాకా ఏదీ దానంతటది జారదు. అంటే నిలువుగా ఎంత తోసినా డై తనంతట తిరగదు. కానీ 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ చూపించిందేమంటే, బోల్టుని వదులుచేసేది నిలువు బలం కన్నా పక్కకి జరిగే చిన్న చిన్న జారుళ్ళు. పక్కకి జారుతున్నంతసేపూ తిరిగే దిక్కున ఘర్షణ దాదాపు లేనట్టే. రైలు పెట్టెల కింద నట్లు తిరగకుండా అడ్డంగా స్ప్లిట్ పిన్నులు వేసేది ఇందుకే. గుల్ల ప్రతిసారీ కాస్త పక్కగా దూరి డైని అటూ ఇటూ తడుముతుంది కాబట్టి ఇక్కడా తాళం కావాలి.

రింగుల్లో రకాలున్నాయి. మేకు లాంటి చిన్న స్క్రూతో నేరుగా మర మీదే గుచ్చే రకం నాకు నచ్చదు, మర పాడవుతుంది. అందుకే దాని కింద సీసపు గుండు వేస్తారు. రింగునే ఒకచోట చీల్చి, స్క్రూతో చుట్టూ బిగించే హోర్నడీ కంపెనీ తరహా మేలు. లీ కంపెనీ వాళ్ళు రబ్బరు ఓ-రింగు వాడతారు, అది డైని కాస్త ఆడనిస్తుంది, కానీ డైని బయటికి తీసినప్పుడు సెట్టింగ్ పోకుండా చూసుకోవాలి.

రింగు గట్టిగా పట్టిన డైని విప్పేటప్పుడు దాని ఒంటిని పట్టుకుని తిప్పకండి, రింగు పట్టుకుని తిప్పండి. ముందుగా రింగు మీదా డై మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీసుకోండి. మళ్ళీ బిగించినప్పుడు గీత కలవకపోతే ఎన్ని నిమిషాలు తప్పిందో ఆ గడియారమే చెబుతుంది.