పెద్దగట్టు జాతరకొచ్చి కల్లు తాగాలనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

మాది సూర్యాపేట పక్కన పల్లె. మా నాయన దగ్గర మోకు (చెట్టెక్కే తాడు) కట్టుకోవడం నేర్చుకుని ఇరవై రెండేళ్లుగా కల్లు కోసం తాటిచెట్లు గీస్తున్నా. రెండేళ్లకోసారి మాఘమాసంలో దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి జాతర, అదే పెద్దగట్టు జాతర, జరిగినప్పుడల్లా హైదరాబాద్ నుంచి చుట్టాలు, వాళ్ల స్నేహితులు దిగుతారు. దర్శనం అయిందో లేదో "అన్నా, అసలు కల్లు ఎక్కడ దొరుకుతది" అని మొదలుపెడతారు. 2025 ఫిబ్రవరిలోనూ అదే జరిగింది. వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: జాతర చుట్టుపక్కల అమ్మేదంతా చెట్టు కల్లే.

లెక్క వేసుకోండి. నాకు పద్దెనిమిది చెట్లున్నాయి. బాగా పారే చెట్టు కూడా నాకు రోజుకు రెండు మూడు లీటర్లకు మించి ఇవ్వదు. ఆ కాస్త రావాలన్నా ఒక్కో చెట్టును రోజుకు రెండు పూటలు ఎక్కి గెల కొసను కత్తితో పల్చగా చెక్కాలి, లేకపోతే కోత ఆరిపోయి ధార ఆగిపోతుంది. జాతర వచ్చిందని చెట్టు ఎక్కువ పారదు కదా. మరి లక్షల మంది వచ్చిన చోట అర్ధరాత్రి దాకా సీసాలకు సీసాలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

ఆ లోటు నింపేది కల్తీ కల్లే. అందులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం. ఇవి నిద్రకు, టెన్షన్‌కు డాక్టర్లు వాడిన మందులు. వీటికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. మా వాడలో ఒకాయనకు ఇలాగే అయితే ఇంటోళ్లు కల్లు కోసం పరుగెత్తారు, నేనే బతిమాలి దవాఖానకు పంపించాను. "కల్లు మానేస్తే పిచ్చి లేస్తది" అని ఊళ్లలో అనుకునేది ఎక్కువగా ఈ మందుల వల్లే. అలాంటప్పుడు మళ్లీ అదే కల్లు పోయకండి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

అపోహ: తెల్లగా ఉండి నురగ కడితేనే అసలుది.

చెట్టు నుంచి కారేటప్పుడు రసం దాదాపు నీళ్లలాగే ఉంటుంది, తియ్యగా ఉంటుంది. చెట్టుకు కట్టిన కుండలో, అంటే లొట్టిలో పడ్డాక గాలిలో, లొట్టి గోడకు ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా పెరిగి దాన్ని తెల్లగా మారుస్తాయి, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు వచ్చే గ్యాసుతో నురగ వస్తుంది. కాబట్టి నురగ చూసి పులుస్తోందని చెప్పొచ్చు గానీ చెట్టుదో కాదో చెప్పలేం. చెట్టు కల్లును మరునాటి దాకా ఉంచితే ముక్కుకు తగిలేంత పులుపెక్కుతుంది, ఇంకా ఉంచితే వెనిగరే. రోజంతా ఒకటే తీపి, ఒకటే నిషా ఉన్న కల్లును నేను నమ్మను.

అపోహ: పొద్దున దించిన కల్లుకు నిషా ఉండదు, పిల్లలకూ పోయొచ్చు.

రాత్రంతా లొట్టిలో పడింది అప్పటికే పులవడం మొదలై ఉంటుంది. పిల్లలకు వద్దే వద్దు. నిషా లేనిది కావాలంటే నీరా, అంటే పులవని రసం అడగండి. దానికి లొట్టి లోపల సున్నం పూస్తాం, సున్నం పులుపును ఆపుతుంది. సున్నం కనపడగానే కల్తీ అని గొడవపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023లో మొదలైంది, అక్కడ రుచి చూసి వస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఈత కల్లు, తాటి కల్లు ఒకటేనన్న మాట కూడా వింటుంటా. ఈతకు తల దగ్గర మాను చెక్కుతాం, చలికాలం దాని కాలం. తాటికి గెల గీస్తాం, ఎండలు ముదిరేకొద్దీ బాగా పారుతుంది. నాకైతే చలిపొద్దున ఈత కల్లే ఇష్టం. కిడ్నీలో రాళ్లను కరిగిస్తుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను, రాళ్లుంటే డాక్టర్‌ను అడగండి.

అపోహ: కల్లు మందు కాదు, తాగి బండి నడపొచ్చు.

పులిసిన కల్లులో బీరులో ఉన్నంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది. పోలీసుల మిషన్ కల్లును వదిలిపెట్టదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. జాతర పక్క నుంచే 65వ నంబరు హైవే పోతుంది, లారీలు ఆగవు.

ధర దగ్గర బేరమాడేవాళ్లకు ఒక్క మాట. చెట్టు మీది నుంచి జారి పడ్డవాళ్లను, నడుము విరిగి మంచానికే పరిమితమైనవాళ్లను నేను చూశాను. మా గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు మొక్కి ఎక్కుతాం, 2024 నుంచి ప్రభుత్వం చెట్టెక్కేటప్పుడు పడిపోకుండా కాటమయ్య రక్ష కిట్లు కూడా ఇస్తోంది. అయినా ఎక్కేది మేమే.

రావాలనుకుంటే ముందురోజే మీకు తెలిసిన గీత కార్మికుడికి చెప్పి, పొద్దున ఏడు లోపే చెట్టు కిందికి రండి, మీ కళ్లముందే లొట్టి దించుతాడు, తాటాకు రేకలో పోస్తాడు. ఖాళీ కడుపుతో తాగకండి. జొన్నరొట్టె, బోటికూర ఇంట్లో వండించుకుని తెచ్చుకోండి, లేకపోతే అలసంద గుడాలైనా సరే.