మత్తు ఎవరి చేతికి, ఏ వయసులో అందుతోంది?

యూరప్‌లో చాలా దేశాల్లో 15, 16 ఏళ్ల పిల్లలకు నాలుగేళ్లకోసారి బడిలోనే ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. పేరు రాయక్కర్లేదు. ఏయే మత్తుపదార్థాలు వాడారో టిక్కు పెడితే చాలు. 1995లో మొదలైన ఈ సర్వే పేరు ఎస్పాడ్. గంజాయి, కొకైన్ లాంటి పేర్ల మధ్య ఈ సర్వేవాళ్లు 'రెలెవిన్' అనే పేరు కూడా పెట్టారు. అలాంటి మందు ఈ లోకంలోనే లేదు. గొప్పల కోసం కనబడిన ప్రతిదానికీ టిక్కు పెట్టేవాళ్లు ఎంతమందో తెలుసుకోవడానికి పరిశోధకులు కల్పించిన పేరది. దానికి టిక్కు పెట్టిన పిల్లలు చాలా తక్కువ. తమ పేరు బయటికి రాదని నమ్మకం కుదిరితే, పిల్లలు చాలావరకు నిజమే చెబుతారన్నమాట.

ఇది ఎందుకు ముఖ్యమంటే, యువత మత్తులో మునిగిపోతోందని రోజూ వింటున్నాం. ఏ యువత? ఏడో తరగతి పిల్లాడా, ఇంటర్ చదివే అమ్మాయా, ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడా? ఈ ముగ్గురినీ ఒకే మాటలో కలిపేస్తే ఎవరికీ సాయం చేయలేం.

ముందు వయసు సంగతి చూద్దాం. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఒక పెద్ద సర్వే నివేదిక ఇచ్చారు. రెండు లక్షల ఇళ్లకు వెళ్లి 4,73,000 మందికి పైగా అడిగారు. మద్యం, గంజాయి, ఓపియాయిడ్లు (హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తులు), వేటిలో చూసినా పెద్దవాళ్ల శాతమే ఎక్కువ. ఒక్క చోట లెక్క తిరగబడింది. ముక్కుతో, నోటితో పీల్చే మత్తులు పెద్దవాళ్లలో 0.58 శాతం మంది వాడుతుంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది వాడుతున్నారు. దాదాపు రెట్టింపు.

కారణం పిల్లల జేబు చూస్తే తెలుస్తుంది. పంక్చర్ అతికించే సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్ కొనడానికి రహస్య పరిచయాలు అక్కర్లేదు, మామూలు దుకాణంలో కొద్ది డబ్బుకే దొరుకుతాయి. గుడ్డ మీద కాస్త పోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే, అందులోని టొల్యూన్ లాంటి ద్రావకం ఊపిరితిత్తుల నుంచి సెకన్లలో మెదడుకు చేరుతుంది. మత్తు కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. బట్టల్లో పెయింట్ వాసన, నోటి చుట్టూ దద్దుర్లు, చేతిలో తడిగుడ్డ కనిపిస్తే పెద్దవాళ్లు అనుమానించాలి. అన్నట్టు, ఇంటింటికీ తిరిగే సర్వేకి రైల్వే ప్లాట్‌ఫామ్ మీద పడుకునే పిల్లాడు దొరకడు. ఆ 1.17 శాతం లెక్కలో అతను లేడు.

అమెరికాలోనూ ఇదే తీరు కనబడుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా బడిపిల్లలను అడుగుతోంది. అక్కడ కూడా పీల్చే మత్తుల వాడకం 12వ తరగతి కంటే 8వ తరగతిలోనే ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ వేరేవి అందుబాటులోకి వస్తాయి, ఇవి వెనకబడతాయి.

వయసుకు ఇంత ప్రాధాన్యం మెదడు వల్ల కూడా వచ్చింది. సుఖాన్ని గుర్తించి 'మళ్లీ కావాలి' అనే భాగాలు యుక్తవయసులోనే చురుగ్గా ఉంటాయి. 'ఆగు' అని చెప్పే, మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు వస్తాయి. గంజాయి వాడి చూసినవాళ్లలో దాదాపు పదకొండు మందిలో ఒకరు దానికి బానిసవుతారని పాత అంచనా. టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. 'ఈ వయసులో అందరూ చేసేదే' అని కొట్టిపారేసేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఇక ఆడ, మగ సంగతి. మన 2019 సర్వేలో మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. పదిహేడు మంది మగవాళ్లకు ఒక్క స్త్రీ. చాలామంది దీన్ని ఆడవాళ్ల స్వభావం అనుకుంటారు. నేనలా అనుకోను. దానికి నా దగ్గరున్న మొదటి ఆధారం మన పక్కింట్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది మద్యం తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం కూడా లేరు. ఒకే భాష, పక్కపక్కనే ఊళ్లు. తెలంగాణ పల్లెల్లో పండగకీ దావత్‌కీ ఆడవాళ్లు కల్లు తాగితే ఎవరూ వింతగా చూడరు. కోస్తాలో అదే పని చేస్తే ఊరంతా చెప్పుకుంటుంది. మారింది స్వభావం కాదు, ఊరి ఒప్పుదల.

రెండో ఆధారం అమెరికాది. 1990ల చివర్లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మామూలుగా ఎవరూ వేయని ప్రశ్న వేశారు: 'వాడారా?' అని కాదు, 'వాడే అవకాశం ఎప్పుడైనా మీ దాకా వచ్చిందా?' అని. అవకాశం మగవాళ్లకే ఎక్కువగా వచ్చింది. కానీ అవకాశం వచ్చినవాళ్లను మాత్రమే తీసుకుని చూస్తే, వాడి చూసిన ఆడవాళ్లు, మగవాళ్లు దాదాపు సమానం. మగపిల్లాడు రాత్రి పదింటిదాకా ఫ్రెండ్స్‌తో బయట ఉంటాడు, అమ్మాయి ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. తేడా చాలావరకు అక్కడే మొదలవుతోంది.

ఆ తేడా తగ్గిన చోట అంకెలూ దగ్గరవుతున్నాయి. అమెరికా 8వ తరగతిలో మద్యం విషయంలో చాలా ఏళ్లుగా ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగానో, కాస్త ముందో ఉన్నారు. యూరప్‌లో డాక్టర్ రాయకుండా నిద్రమాత్రలు, మత్తుమాత్రలు వేసుకునేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. అవి ఇంట్లో అమ్మమ్మ మందుల డబ్బాలోనే దొరుకుతాయి, రాత్రిపూట బయటికి వెళ్లక్కర్లేదు.

అవకాశమే అసలు కీలకమని కరోనా కాలం ఇంకా గట్టిగా చూపించింది. అమెరికాలో ఏడాదిలో ఏదో ఒక నిషిద్ధ మత్తు వాడిన 10వ తరగతి పిల్లలు 2020లో 30.4 శాతం ఉంటే, 2021లో 18.7 శాతానికి పడిపోయారు. మిషిగన్ సర్వే ఒక్క ఏడాదిలో అంత తగ్గుదల అంతకుముందు చూడలేదు. బళ్లు తెరిచాక పాత స్థాయికి ఎగబాకుతుందని చాలామంది భయపడ్డారు. అలా జరగలేదు. 2024లో 12వ తరగతి పిల్లల్లో 67 శాతం మంది గడిచిన నెలలో మద్యం, గంజాయి, నికోటిన్ మూడింటినీ ముట్టుకోలేదన్నారు. మొదలుపెట్టే వయసు ఇంట్లో గడిచిపోయిన పిల్లల్లో చాలామంది తర్వాత కూడా మొదలుపెట్టలేదు. 'కాలం చెడిపోయింది, ఏం చేయలేం' అనేవాళ్లకు ఈ అంకెలు చూపించాలనిపిస్తుంది.

ఆడపిల్లల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మొదలైన తర్వాతి దారి. తొలిసారి రుచి చూసిన రోజు నుంచి బానిసయ్యే దాకా పట్టే కాలం ఆడవాళ్లలో తక్కువని మద్యం, గంజాయి, ఓపియాయిడ్ల చికిత్సకు వచ్చినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చెబుతున్నాయి. కానీ చికిత్సకు వచ్చేది మాత్రం తక్కువమంది. ప్రపంచంలో ఆంఫెటమిన్ (మెదడును ఉత్తేజపరిచే మత్తుమందు) వాడేవారిలో దాదాపు సగం స్త్రీలైతే, దానికి చికిత్స పొందేవారిలో ఐదుగురిలో ఒకరే స్త్రీ అని ఐక్యరాజ్యసమితి 2022 నివేదిక చెప్పింది. కొడుకును డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించే తండ్రి, కూతురి విషయం వచ్చేసరికి పెళ్లి సంబంధాలు గుర్తొచ్చి గుట్టుగా ఉంచుతాడు.

లెక్కల్లోనూ ఆ గుట్టే. 2004లో వెలువడిన మన మొదటి జాతీయ ఇంటింటి సర్వే 12 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను మాత్రమే ప్రశ్నించింది. ఆడవాళ్లు ఆ సర్వేలో లేనే లేరు. 2019 నివేదిక ఆ లోటు తీర్చింది, కానీ దాని వివరాలు 2017-18లో సేకరించినవి. అప్పుడు పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు మన కాలేజీ హాస్టళ్లలో ఉన్నారు. అమెరికా ఏటా అడుగుతోంది, యూరప్ నాలుగేళ్లకోసారి అడుగుతోంది. మనం కూడా బడిలోనే, పేరు లేకుండా, అమ్మానాన్నలు పక్కన లేకుండా, అబ్బాయిలతో పాటు అమ్మాయిలనూ క్రమం తప్పకుండా అడగాలి. ఇంట్లో ఇప్పటికే ఇలాంటి టెన్షన్ ఉన్నవాళ్లు సర్వే కోసం ఆగనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు, కాల్ ఉచితం. కూతురి కోసమైనా సరే.