వయసు వేస్తే కింది బెర్తు దానంతట అదే వస్తుందా? సెలవుల ప్రయాణాలపై అపోహలు - వాస్తవాలు

"అమ్మానాన్నల వయసు వేశాం కదండీ, కింది బెర్తులే వస్తాయి." రైలు టికెట్ల పనిలో ఉన్నవాళ్లు పండగలకీ వేసవి సెలవులకీ ముందు రోజూ వినే మాట ఇది. ప్రయాణం దగ్గర పడ్డాక వినేది ఇంకో మాట: "నాన్నకి మిడిల్, అమ్మకి అప్పర్ వచ్చాయి. మోకాళ్లు సహకరించవు. వాళ్లిద్దరివీ క్యాన్సిల్ చేసెయ్యండి." అలా కాశీయో రామేశ్వరమో వెళ్లాలని ఏళ్ల తరబడి అనుకున్న పెద్దవాళ్లే ఇంట్లో ఉండిపోతారు, మిగతావాళ్లు వెళ్లొస్తారు. చాలాసార్లు దీనికి కారణం వాళ్ల వయసూ కాదు, ఆరోగ్యమూ కాదు, టికెట్ తీసిన పద్ధతి. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

జనరల్ కోటాలో టికెట్ తీస్తే, 60 దాటిన మగవారికీ 45 దాటిన ఆడవారికీ ఖాళీ ఉన్నంత వరకే సిస్టమ్ కింది బెర్తు ఇస్తుంది. ఖాళీ లేకపోతే ఉన్నది ఇస్తుంది. వయసు వేసినంత మాత్రాన అందులో గ్యారంటీ ఏమీ లేదు. వీళ్ల కోసం విడిగా పక్కన పెట్టిన బెర్తులున్న కోటా వేరే ఉంది. బుకింగ్ పేజీలో జనరల్, లేడీస్, తత్కాల్ పేర్ల మధ్య 'లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్' అని కనిపించేది అదే. స్లీపర్‌లో బోగీకి 6-7, థర్డ్ ఏసీలో 4-5, సెకండ్ ఏసీలో 3-4 కింది బెర్తులు ఇందులో ఉంటాయి. దాన్ని మీరే ఎంచుకోవాలి.

దీనికో షరతు ఉంది, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. ఆ టికెట్ మీద ఒక్కరే ఉండాలి, లేదా ఇద్దరు ఉండాలి. ఇద్దరుంటే ఇద్దరికీ అర్హత ఉండాలి. నాన్న 67, అమ్మ 61, కొడుకు 38, కోడలు 34, పాప 7 అనుకోండి. ఐదుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే ఈ కోటా వర్తించదు. అమ్మానాన్నలకి ఈ కోటాలో ఒక టికెట్, మిగతా ముగ్గురికి జనరల్‌లో ఇంకో టికెట్ తీయాలి. ముగ్గురు పెద్దవాళ్లుంటే ఇద్దరికొకటి, ఒకరికొకటి. నాన్నకి 58, అమ్మకి 55 అయితే ఇద్దరూ కలిసి ఈ కోటాలోకి రారు. అమ్మకి ఒక్కరికే విడిగా తీస్తే అర్హత ఉంటుంది.

"వేర్వేరు బోగీల్లో పడితే ఎలా?" అని కంగారు పడతారు. పడే అవకాశం ఉన్నమాట నిజమే. కానీ రిజర్వేషన్ బోగీల మధ్య నడిచి వెళ్లే దారి ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి వెళ్లి పక్క సర్ది రావడం, డెబ్బై ఏళ్ల మనిషిని పై బెర్తు ఎక్కించడం కంటే చాలా తేలిక. అయినా విడిపోకూడదనుకుంటే జనరల్‌లోనే 'కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే బుక్ చేయి' అనే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. రాకపోతే టికెట్ బుక్ అవదు, డబ్బు వెనక్కి వస్తుంది.

తత్కాల్ విడి కోటా. అందులోకి వెళ్లాక కింది బెర్తుల కోటా మీకు ఉండదు. పెద్దవాళ్ల ప్రయాణం తత్కాల్ దాకా లాగకండి. బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ప్రయాణం రోజు ఆ లెక్కలోకి రాదు. సంక్రాంతికి ఊరు వెళ్లే రైళ్లకి ఆ మొదటి రోజు ఉదయం 8 గంటలే అసలు సమయం. ఇంకో జాగ్రత్త: ఆర్ఏసీ అంటే సైడు లోయర్‌ని ఇద్దరు పంచుకుని కూర్చోవడం. నడుం నొప్పి ఉన్నవారికి అది రాత్రంతా జాగారమే.

స్లీపర్, థర్డ్ ఏసీల్లో వచ్చిన నంబరుని 8తో భాగించండి. శేషం 1 లేదా 4 అయితే కింది బెర్తు, 7 అయితే సైడు లోయర్. కావలసింది రాలేదని అప్పుడే క్యాన్సిల్ చేయకండి. రైలు కదిలాక కింది బెర్తులు ఖాళీగా ఉంటే, పైవి వచ్చిన పెద్దవారికీ గర్భిణులకీ మార్చి ఇచ్చే అధికారం టీటీఈకి ఉంది. వెళ్లి అడగాలి. గర్భిణులకి కూడా పైన చెప్పిన కోటాయే వర్తిస్తుంది, అయితే డాక్టరు సర్టిఫికెట్‌తో కౌంటర్‌కి వెళ్లడం మేలు.

కింది బెర్తుకి 45 ఏళ్లు చాలన్న సంగతి ఆడవాళ్లకే తెలియకపోవడానికి, రైలు ఛార్జీలో పెద్దవాళ్లకి ఉన్న పాత రాయితీ ఒక కారణం. అప్పట్లో 58 ఏళ్లు నిండిన ఆడవారికి ఛార్జీలో 50 శాతం, 60 ఏళ్లు నిండిన మగవారికి 40 శాతం తగ్గేది. ఆ 58 అంకె జనం మనసులో ఉండిపోయింది. ఆ రాయితీ 2020 మార్చి 20 నుంచి ఆగిపోయింది. 'మళ్లీ ఇస్తున్నారు' అంటూ వచ్చే వాట్సాప్ మెసేజీలు నమ్మి టికెట్ ఆపుకుంటే పోయేది బెర్తే.

తిరుమల మెసేజీ ఇంకా దారుణం. పెద్దవాళ్లు ఆధార్ చూపిస్తే చాలు, టికెట్ లేకుండా అరగంటలో దర్శనం అని తిరుగుతూనే ఉంటుంది. టీటీడీ ఎన్నిసార్లు ఖండించినా ఆగదు. 65 దాటినవారి దర్శనానికి టోకెన్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మూడు నెలల ముందు కోటా విడుదల చేస్తారు. ఆ మెసేజీ పట్టుకుని కొండెక్కి, క్యూ దగ్గర నిలబడిపోయిన ముసలివాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

ఇక ఆడవాళ్లు. "మగతోడు దొరికాక వెళ్దాంలే" అని వాయిదా పడే ప్రయాణాలు లెక్కలేనన్ని. భయపడటంలో తప్పు లేదు, కానీ ఉన్న వసతులు వాడుకోకపోవడం నష్టం. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్‌లో 6 బెర్తుల లేడీస్ కోటా ఉంది. ఒంటరిగా వెళ్లేవారికే అనుకుంటారు. కాదు, అక్కచెల్లెళ్లు, స్నేహితురాళ్లు కలిసి వెళ్లినా వర్తిస్తుంది. వయసు పరిమితి లేదు. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయాలి.

ఆడవాళ్ల ఉచిత బస్సు గురించి క్లుప్తంగా: తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది. వయసుతో సంబంధం లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి సర్వీసులకే, ఆ రాష్ట్రం లోపలే. సూపర్ లగ్జరీ ఎక్కి ఆధార్ చూపిస్తే కుదరదు.

చివరగా కొండల సంగతి. "మావాడు జిమ్‌కి వెళ్తాడు, వాడికేం కాదు" అనేది కుర్రాళ్ల విషయంలో ప్రమాదకరమైన నమ్మకం. ఎత్తుకి వచ్చే తలనొప్పి, వాంతులు, ఆయాసం కండబలాన్ని చూసి రావు. పాతికేళ్లవారికీ వస్తాయి, వాళ్లే ఆగకుండా వేగంగా ఎక్కేస్తారు కూడా. లద్దాఖ్‌లోని లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో దిగితే మొదటి రెండు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకోవాలి, ఇంకా ఎత్తులో ఉండే ఖార్‌దుంగ్ లా కనుమ ఆ తర్వాతే. లక్షణాలు ముదురుతుంటే మందు మింగి పైకి వెళ్లకూడదు, కిందికి దిగాలి. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ముందుగా డాక్టరుకి చూపించుకుని, నెమ్మదిగా ఎక్కితే వెళ్లి రావచ్చు. అమర్‌నాథ్ మాత్రం వేరు. 13 ఏళ్ల లోపువారికి, 70 ఏళ్లు దాటినవారికి, ఆరు వారాలు దాటిన గర్భిణులకి రిజిస్ట్రేషనే ఇవ్వరు. "మా నాన్న గట్టిగా ఉన్నారు" అని 72 ఏళ్లాయనకి డాక్టరు ఉత్తరం తెచ్చినా కుదరదు, కాబట్టి రైలు టికెట్లు తీయకముందే పెద్దాయన పుట్టిన తేదీ చూసుకోండి.