పెట్టెను చూసి దొంగను పట్టే మొక్క

ఇటీవల ఒక పాఠకుడు అడిగారు: "తెగులును తట్టుకునే జన్యువు అడవి బంగాళాదుంపలోనే ఉందంటున్నారు. మరి ఆ రెండు మొక్కల్నీ సంకరం చేస్తే సరిపోతుంది కదా, ల్యాబ్‌లో జన్యుమార్పిడి ఎందుకు?" చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే ముందు ఆ జన్యువు మొక్కలో అసలు ఏం పని చేస్తుందో చూడాలి. కొన్నేళ్లుగా నన్ను వదలని విషయం కూడా అదే.

తెగులు పేరు లేట్ బ్లైట్. 1845లో ఐర్లండ్ పొలాల్లో పడింది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. ఇంకో పది లక్షల మంది దేశం వదిలి వెళ్లిపోయారు. దేవుడి శిక్ష అన్నారు కొందరు. కొత్తగా వచ్చిన రైళ్లు గాలిలోకి వదిలిన విద్యుత్తు వల్లే దుంపలు కుళ్లాయన్నారు ఇంకొందరు. మాడిన ఆకుల మీద తెల్లటి నూగు ఉందని, తెగులుకు కారణం అదేనని 1846లో శిలీంధ్రాల మీద పరిశోధన చేసే మైల్స్ బెర్క్‌లీ రాస్తే చాలామంది ఒప్పుకోలేదు. కుళ్లిన తర్వాత బూజు వస్తుంది గానీ బూజు వల్ల కుళ్లడమేమిటన్నారు. సైన్సు పాఠాల్లో ఈ కథ తప్పకుండా చెప్పాలని నాకనిపిస్తుంది. ఏది కారణం, ఏది ఫలితం అన్న తేడా పిల్లలకు ఇంతకంటే బాగా అర్థమయ్యే చోటు లేదు.

ఆ నూగుకు 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ పెట్టిన పేరు ఫైటాఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్. దీన్ని ఇప్పటికీ చాలా పుస్తకాలు శిలీంధ్రం అనే రాస్తున్నాయి. కాదు. చూడటానికి బూజులా ఉన్నా, దీని దగ్గరి చుట్టాలు సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచులు. ఈ తేడా పేరుతో ఆగిపోదు. అసలైన శిలీంధ్రాల కోసం తయారైన మందుల్లో చాలావాటికి ఇది లొంగదు.

ఇప్పుడు ఆకు మీదకు వద్దాం. చల్లటి, తడి వాతావరణంలో నిమ్మకాయ ఆకారంలో ఉండే ఒక సూక్ష్మమైన తిత్తి ఆకు మీద పడి పగులుతుంది. అందులోంచి రెండేసి తోకలున్న బీజాలు బయటికొచ్చి నీటి పొరలో ఈదుతాయి. కాసేపటికి తోకలు వదిలేసి ఒకచోట స్థిరపడి, సన్నటి గొట్టం మొలిపించి ఆకు పైపొరను తొలుస్తాయి. లోపల మొక్క కణం గోడను దాటి వేలు లాంటి ఒక భాగాన్ని గుచ్చుతాయి. ఆ వేలి చుట్టూనే అసలు యుద్ధం. తెగులు తన ప్రోటీన్లను అక్కడి నుంచి కణంలోకి పంపిస్తుంది. వాటిని ఎఫెక్టర్లు అంటారు. మొక్క రక్షణ వ్యవస్థను మూగబోయేలా చేయడమే వాటి పని. 2009లో ఈ తెగులు జన్యుపటాన్ని చదివినప్పుడు, ఒక్క రకం ఎఫెక్టర్లవే ఐదు వందలకు పైగా జన్యువులు కనిపించాయి.

కణాన్ని ఒక ఇల్లు అనుకుందాం, ఎఫెక్టర్లు దొంగలు. తెగులును తట్టుకునే జన్యువు ఆ ఇంటికి ఒక కాపలాదారును తయారుచేస్తుంది. ఈ కాపలాదారుకు సాధారణంగా ఒక దొంగ ముఖమో, ఒక దొంగల కుటుంబం పోలికో మాత్రమే తెలుసు. మెక్సికోలో పెరిగే సొలానమ్ బల్బోకాస్టానమ్ అనే అడవి బంగాళాదుంపలో ఆర్‌బీ అనే జన్యువు ఉంది. దాని కాపలాదారు ఐపీఐ-ఓ అనే దొంగల కుటుంబాన్ని గుర్తుపడతాడు. గుర్తుపట్టగానే దొంగతో పెనుగులాడడు. ఇంటికే నిప్పు పెడతాడు. ఆ కణం చచ్చిపోతుంది, దానితోపాటు దొంగ కూడా. తెగులుకు బతికున్న కణమే కావాలి కాబట్టి అక్కడితో దాని ఆట కట్టు. ప్రయోగశాలలో ఆకును కోసి, దాని మీద బీజాలున్న నీటి చుక్క వేసి ఐదారు రోజులు ఉంచుతారు. మామూలు రకం ఆకు మీద నల్లటి మచ్చ పాకి, అంచున తెల్లటి నూగు లేస్తుంది. కాపలా ఉన్న ఆకు మీద గుండుసూది మొనంత గోధుమరంగు చుక్క. అంతే. తగలబడిన ఇళ్లు అవే.

దొంగ వేషం మారిస్తే? మారుస్తాడు, అదే పెద్ద టెన్షన్. ఐపీఐ-ఓ కుటుంబంలోనే ఆర్‌బీ కళ్లుగప్పే ఒక రకం ఇప్పటికే ఉంది. ఈ తెగులు జన్యుపటంలో దాదాపు ముప్పావు వంతు మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. ఎఫెక్టర్ జన్యువులు సరిగ్గా ఆ కలగాపులగం ప్రాంతాల్లోనే ఉంటాయి కాబట్టి త్వరత్వరగా మారిపోతాయి. సొలానమ్ డెమిస్సమ్ అనే ఇంకో అడవి రకం నుంచి గత శతాబ్దంలో సంకరం ద్వారా ఒకటి తర్వాత ఒకటి జన్యువులు తెచ్చారు. కొన్నేళ్లు తిరిగేసరికి తెగులు వాటిని దాటేసింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కాపలాదారు పేరు ఆర్‌పీఐ-వీఎన్‌టీ1. అర్జెంటీనాలో పెరిగే సొలానమ్ వెంటూరీ అనే అడవి రకం నుంచి వచ్చింది. ఇతను దొంగ ముఖం చూడడు. ఇంట్లో ఒక పెట్టెను చూస్తూ కూర్చుంటాడు. ఆ పెట్టె గ్లిసరేట్ కైనేజ్ అనే ఎంజైమ్. కిరణజన్య సంయోగక్రియతో ముడిపడిన పనిలో దానికి భాగం ఉంది, అది చేరాల్సిన చోటు హరితరేణువు. దొంగ ఆ పెట్టె మీద చెయ్యి వేసిన క్షణంలో కాపలాదారు లేస్తాడు. ఇక్కడే ఒక అద్భుతం ఉంది. వెలుతురు ఉన్నప్పుడు మొక్క ఈ ఎంజైమ్‌ను పూర్తి పొడవుతో తయారుచేస్తుంది. హరితరేణువుకు దారి చూపే చిరునామా చీటీ దానికి ముందు అతికి ఉంటుంది. చీకట్లో అదే జన్యువును మరోచోట నుంచి చదవడం మొదలుపెట్టి, చీటీ లేని పొట్టి ఎంజైమ్‌ను చేస్తుంది. దొంగ పట్టుకునేది చీటీ ఉన్నదాన్నే. అంటే చీకట్లో దొంగ పెట్టెను ముట్టుకోడు, కాపలాదారు లేవడు! 2020లో ఈ పరిశోధన చదివాక, మొక్క రోగనిరోధకతకు పగలూ రాత్రీ ఉంటాయన్న ఆలోచన నన్ను చాలా రోజులు వెంటాడింది.

ఇక పాఠకుడి ప్రశ్న. సాగులో ఉన్న బంగాళాదుంపకు ప్రతి క్రోమోజోమ్ నాలుగేసి ప్రతులుంటాయి, మొత్తం 48. విత్తనం ద్వారా పెంచితే పిల్ల మొక్క తల్లిలా ఉండదు. అందుకే దుంపనే నాటుతారు. రైతుకు నచ్చిన రకాన్ని అడవి రకంతో కలిపామంటే, ఆ రకం చెదిరిపోయినట్టే. దాన్ని మళ్లీ కూడగట్టాలంటే తరాలు పడుతుంది. పైగా బల్బోకాస్టానమ్ దీనితో నేరుగా సంకరం కాదు, మధ్యలో వేరే జాతుల్ని వంతెనగా వాడాలి. అలా చేసి నెదర్లాండ్స్‌లో బయోనికా, టొలుకా అనే రకాలు తీసుకురావడానికి 40 ఏళ్లకు పైగా పట్టింది. సంకరంలో కావలసిన జన్యువు ఒక్కటే రాదు, చుట్టుపక్కల వందలాది జన్యువులు వెంట వస్తాయి. 1967లో అమెరికాలో విడుదలైన లెనాపే అనే రకం అడవి జాతితో మామూలుగా సంకరం చేసి పుట్టించినదే. చిప్స్‌కు చాలా బాగుండేది. కానీ అందులో సొలనిన్ జాతి విషాలు ఎక్కువగా ఉన్నాయని తేలి 1970లో వెనక్కి తీసుకున్నారు. జన్యుమార్పిడి అనగానే భయపడేవాళ్లు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలని నా మనవి. చూడాల్సింది పద్ధతి పేరు కాదు, దుంపలో ఏముందన్నది.

జన్యువును చేరవేసే పని ఆగ్రోబ్యాక్టీరియం అనే మట్టి బ్యాక్టీరియా చేస్తుంది. మొక్కల్లోకి తన డీఎన్‌ఏ ముక్కను దించడం దానికి సహజంగానే వచ్చు. చిలగడదుంపలో అలాంటి ముక్కలు మనిషి ప్రమేయం లేకుండానే చేరి ఉన్నాయని 2015లో తేలింది.

జన్యుమార్పిడిని దుంప నాణ్యత కోసమూ వాడతారు, ఆ సంగతి వేరు. అక్కడ కొత్త కాపలాదారు అక్కర్లేదు, ఉన్న జన్యువుల నోరు నొక్కితే చాలు. కోసిన దుంప నల్లబడేది పాలీఫినాల్ ఆక్సిడేజ్ వల్ల. దాన్ని తగ్గిస్తే ముక్క తెల్లగానే ఉంటుంది. చలిలో నిల్వ చేస్తే దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ సుక్రోజ్‌ను గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. వేయించేటప్పుడు ఆ చక్కెరలు ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి ఆక్రిలమైడ్ పుడుతుంది. వేయించిన తిండిలో అది ఉందని 2002లో స్వీడన్‌లో బయటపడింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. ఇన్వర్టేజ్‌నూ ఆస్పరజిన్‌నూ తగ్గిస్తే ఆక్రిలమైడ్ కూడా బాగా తగ్గుతుంది. అమెరికాలో ఇన్నేట్ పేరుతో వచ్చిన రెండో తరం దుంపల్లో ఈ మార్పులతోపాటు వీఎన్‌టీ1 జన్యువు కూడా ఉంది. నాకు నచ్చనిది ఒక్కటే, అక్కడ కాపలాకు అతను ఒంటరిగా ఉన్నాడు.

ఒక కాపలాదారును తప్పించుకునే మార్పు పది లక్షల బీజాల్లో ఒకదానికి వస్తుందనుకుందాం. ముగ్గురినీ ఒకేసారి తప్పించుకోవాలంటే ఆ మూడు అవకాశాలనూ ఒకదానితో ఒకటి గుణించాలి, అంటే ఒకటి పక్కన 18 సున్నాలున్న సంఖ్యలో ఒకటి. అదే ముగ్గురినీ వేర్వేరు పొలాల్లో విడివిడిగా నిలబెడితే, తెగులు ఒక్కొక్కరినీ విడిగా ఓడించి, ఆ నేర్పును పోగుచేసుకుంటుంది. లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం అందుకే ఆర్‌బీ, బల్బోకాస్టానమ్‌దే ఇంకో జన్యువు, వీఎన్‌టీ1 మూడింటినీ ఒకే ముక్కగా విక్టోరియా అనే రకంలోకి చేర్చింది. ఉగాండాలో మందు కొట్టకుండా వాటిని పెంచి చూశారు. పక్కనే నాటిన మామూలు విక్టోరియా మాడిపోయింది. మూడు జన్యువులున్న మొక్కలు పచ్చగా నిలిచి, దుంప కట్టాయి.